వానల్లో మిల్లు ఆపితే

మిల్లు ఆపేశాక యంత్రానికి అరుగుదల ఏముంటుందని చాలామంది మిల్లర్ల ధీమా. ఒడిశాలోని జయపురం, రాయగడ, గుణుపురం వైపు ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ధాన్యం అయిపోయి బాయిలర్ చల్లారేసరికి వానలు దిగుతాయి. అరుగుదల ఆగుతుంది, నిజమే. తుప్పు అందుకునేది అప్పుడే.

గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుము మీద కంటికి కనిపించని నీటి పొర చేరి తుప్పు జోరందుకుంటుంది. దుమ్ము, ఉప్పు ఉంటే ఇంకా ముందే. 30 డిగ్రీల గాలిలో తేమ 80 శాతం ఉంటే, 26 డిగ్రీలకు చల్లబడిన ఏ వస్తువు మీదైనా చెమ్మ పట్టేస్తుంది. టార్పాలిన్ బిగించి కట్టామనుకోండి, ఆ చెమ్మ ఆరే దారి కూడా పోతుంది.

మోటారు వైండింగ్, అంటే లోపలి తీగల చుట్ట, తన చుట్టూ ఉన్న గాలి కన్నా ఐదారు డిగ్రీలు వెచ్చగా ఉంటే చాలు, దాని మీద నీరు పట్టదు. పెద్ద మోటార్లలో చిన్న హీటరు పెట్టేది ఇందుకే. కరెంటు బిల్లు మిగులుతుందని మెయిన్ దించేస్తే అదీ ఆగిపోతుంది! మళ్లీ నడిపే ముందు మెగ్గర్‌తో, అంటే వైండింగ్ ఇన్సులేషన్ కొలిచే పరికరంతో, చూడకుండా స్విచ్ వేయకూడదు.

బేరింగ్‌ది ఇంకో తంటా. పక్క యంత్రం అదురుకి బాల్స్ ఉన్నచోటే కదిలి, గ్రీజును పక్కకు నెట్టి గుంటలు పెడతాయి. 1930లలో అమెరికాలో రైళ్ల మీద పంపిన కొత్త కార్ల బేరింగులు రోడ్డెక్కకముందే ఇలా పాడయ్యాయి. అప్పుడప్పుడు షాఫ్టును చేత్తో తిప్పి, పావు చుట్టు అవతల ఆపాలి.

బాయిలర్‌లో సగం నీళ్లు వదిలి తాళం వేసుకుని పోవడమంత చెడ్డ పని లేదు. నీరూ గాలీ కలిసే గీత వెంబడి తుప్పు గుంటలు గుంటలుగా తినేస్తుంది. కొద్ది వారాలకైతే నిండా నీళ్లు పట్టి, పీహెచ్ 10 దాటేలా క్షారం, ఆక్సిజన్‌ను లాగేసే సోడియం సల్ఫైట్ కలపాలి. నెలల తరబడి అయితే ఆరబెట్టడమే మేలని నా అభిప్రాయం. ప్రెషర్ పూర్తిగా దిగాక, ఇనుము ఇంకా వెచ్చగా ఉండగానే నీళ్లు వదిలేస్తే ఆ వేడికే లోపలి తడి ఆరుతుంది. గొట్టాలకు పట్టిన ఊక బూడిదనూ దులపాలి, అందులోని లవణాలు తేమను లాగుతాయి. ఆపైన పళ్లేల్లో ఇంకా నీళ్లు తగలని కాల్చిన సున్నం పెట్టి మూతలు బిగించాలి. కిలో సున్నం దాదాపు 300 గ్రాముల నీటిని పీల్చుకుంటుంది. పీల్చుకున్నకొద్దీ ఉబ్బుతుంది, అందుకని పళ్లెం సగానికి మించి పోయకూడదు. ఎన్ని పళ్లేలు పెట్టారో బాయిలర్ మూత మీదే పెయింటుతో రాయాలి. ఒక్కటి మరిచిపోయి నీళ్లు పట్టినా సున్నం సలసలా కాగి లోపలంతా బురద చేస్తుంది.