అరగంట నాటకానికి చోటెక్కడ?

ఇంటి ఓనరు ఒకే గదిని ఇద్దరికి అద్దెకిచ్చాడు. బాక్స్ అచ్చాఫీసులో రాత్రి డ్యూటీ చేస్తాడు. కాక్స్ టోపీలు తయారుచేసే చోట పగటి పని. ఒకడు మెట్లెక్కే వేళకి రెండోవాడు దిగిపోతుంటాడు కాబట్టి సంగతి ఇద్దరికీ తెలీదు. ఓనరుకి మాత్రం నెల తిరిగేసరికి రెండు అద్దెలు. ఓ రోజు కాక్స్‌కి అనుకోకుండా సెలవు దొరుకుతుంది. అంతే, గుట్టు రట్టు!

లండన్‌లో పుట్టిన 'కాక్స్ అండ్ బాక్స్' అనే చిన్న సంగీత ప్రహసనం కథ ఇది. ముగ్గురు మగాళ్లు, ఒక గది చాలు, ఆడెయ్యొచ్చు. ఇంత తక్కువ ఖర్చులో అయిపోయే నాటకాన్ని 1977లో, సంగీత నాటకాలాడే ఇంగ్లీషు బృందం డాయిలీ కార్ట్ కంపెనీ తన జాబితాలోంచి తీసేసింది. ఎందుకలా అంటే మొదట్నించీ చూడాలి. దీన్ని ఎవరి చేతికి వస్తే వాళ్లు తమ అవసరానికి సరిపడా కత్తిరించుకుంటూ వచ్చారు.

అసలు సరుకు ఫ్రెంచివాళ్లది. 1846లో పారిస్‌లోని పాలే రోయాల్ థియేటర్‌లో 'ఫ్రిజెట్' అనే ఏకాంకిక ఆడింది. రాసింది లబీష్, లెఫ్రాంక్. అందులో గది పంచుకునేది ఒక మగవాడు, ఒక అమ్మాయి. జాన్ మాడిసన్ మోర్టన్ అనే నాటక రచయిత ఆ కథని ఇంగ్లీషులోకి తెచ్చుకుంటూ ఇద్దర్నీ మగవాళ్లని చేసేశాడు. 1847 నవంబర్ 1న లండన్ లైసియం థియేటర్‌లో 'బాక్స్ అండ్ కాక్స్' పేరుతో అది మొదలైంది. అప్పటికి పాటల నాటకం కాదు, మాటలతో నడిచే ప్రహసనమే. ఎంతగా జనం నోట్లో నానిందంటే, ఇద్దరు వంతులేసుకుని ఒకే చోటు వాడుకుంటే ఇంగ్లీషులో ఇప్పటికీ దాన్ని 'బాక్స్ అండ్ కాక్స్' అంటారు.

పాటలు చేరడానికి దారి చూపింది మళ్లీ ఫ్రెంచి నాటకమే. కెన్సింగ్టన్‌లో ఆర్థర్ లూయిస్ అనే వ్యాపారి ఇల్లు మోరే లాడ్జ్. అక్కడ 'మోరే మిన్‌స్ట్రెల్స్' పేరుతో పాటలు పాడుకునే మగవాళ్ల బృందం ఒకటి ఉండేది. గుడ్డివాళ్లలా నటించే ఇద్దరు బిచ్చగాళ్ల మీద ఆఫెన్‌బాఖ్ సంగీతం కట్టిన చిన్న హాస్య నాటకాన్ని వాళ్లు ఆడారు. అది చూసిన బర్నాండ్ అనే నాటక రచయితకి మనమూ ఇలాంటిదొకటి చేద్దామనిపించింది. చేతికందింది మోర్టన్ ప్రహసనం. పేర్లు అటూ ఇటూ తిప్పి 'కాక్స్ అండ్ బాక్స్' అన్నాడు. మోర్టన్‌లో ఇల్లు అద్దెకిచ్చేది మిసెస్ బౌన్సర్ అనే ఆవిడ. బృందంలో ఆడవాళ్లు లేరు కాబట్టి ఆవిడ కాస్తా సార్జెంట్ బౌన్సర్ అయిపోయాడు. సార్జెంట్ అన్నాక యుద్ధం కబుర్లు చెప్పకుండా ఉంటాడా? డప్పు చప్పుడుకి ఫ్రెంచివాళ్లు వాడే 'రటప్లాన్' అనే మాటని పట్టుకుని అతను పాటందుకుంటాడు.

సంగీతం 24 ఏళ్ల ఆర్థర్ సలివన్‌ది. 1866 మేలో ముందు బర్నాండ్ ఇంట్లో, తర్వాత మోరే లాడ్జ్‌లో, పియానో మీదే కానిచ్చేశారు. బాక్స్ వేషం జార్జ్ డ్యూ మొరియే కట్టాడు. ఆయన 'పంచ్' పత్రిక కార్టూనిస్టు.

నన్నడిగితే ఈ నాటకానికి ప్రాణం బేకన్ ముక్క దగ్గరుంది. బాక్స్ దాన్ని నిప్పుల మీద పెట్టి, అది వేగేలోపు ఓ కునుకు తీద్దామని ఒరుగుతాడు. ఒరిగేముందు ఆ మాంసం ముక్కకి జోలపాట పాడతాడు! సలివన్ అందులో వెక్కిరింత ఏమీ పెట్టలేదు. నిజంగా పసిపిల్లని నిద్రపుచ్చేంత మెత్తటి బాణీ కట్టాడు. ఈలోగా కాక్స్ వచ్చి బేకన్ తీసి తన మాంసం ముక్క పెడతాడు. బాక్స్ లేచి దాన్ని కిటికీలోంచి విసిరేస్తాడు. బేకన్‌కీ చివరికి అదే గతి.

1867 మే 11న అడెల్ఫీ థియేటర్‌లో మొదటిసారి టికెట్టు కొన్న జనం ముందు ఆడారు. చనిపోయిన సి.హెచ్. బెనెట్ అనే చిత్రకారుడి కుటుంబం కోసం వేసిన సహాయ ప్రదర్శన అది. దానికోసం సలివన్ ఆర్కెస్ట్రా సంగీతం ఆఖరి నిమిషంలో రాసి ఇచ్చాడు. 'ఫన్' పత్రికలో సమీక్ష రాసినాయన, ఇంత తలాతోకా లేని కథకి సంగీతం చాలా చోట్ల మరీ గొప్పగా ఉందన్నాడు. ఆ సమీక్షకుడు డబ్ల్యూ.ఎస్. గిల్బర్ట్. ఐదేళ్లు తిరగకుండానే ఆయన కథలకి అదే సలివన్ సంగీతం కట్టడం మొదలుపెట్టాడు.

వృత్తి నటులు దీన్ని చేపట్టింది 1869లో. జర్మన్ రీడ్ దంపతుల 'గ్యాలరీ ఆఫ్ ఇలస్ట్రేషన్'లో 264 ఆటలు నడిచింది. థియేటర్‌కి వెళ్తే పరువు పోతుందనుకునే కుటుంబాల కోసమే ఆ హాలుకి 'గ్యాలరీ' అని పేరు పెట్టారు.

డాయిలీ కార్ట్ వాళ్ల సవాయ్ థియేటర్‌కి వచ్చింది మాత్రం 1894 డిసెంబర్ 31న, సలివన్, బర్నాండ్‌ల 'ద చీఫ్‌టెన్'కి తోడుగా. ఆ 'తోడుగా' అన్న మాటే దాని జాతకం అయింది. 1921లో డాయిలీ కార్ట్ కంపెనీ మళ్లీ బయటికి తీసినప్పుడు గంటసేపటి నాటకాన్ని అరగంట చిల్లరకి కుదించారు. సాయంత్రం ఆటలో అసలు నాటకం కాస్త పొట్టిదైతే, ముందు ఖాళీని నింపేది ఇదే.

అలా కోసినా ముగింపు మాత్రం పదిలంగా ఉంది. మన పాత సినిమాల్లో తప్పిపోయిన అన్నదమ్ములు పుట్టుమచ్చ చూసుకుని కౌగిలించుకుంటే మనం కళ్లు తుడుచుకునేవాళ్లం. ఇక్కడ ఒకడు రెండోవాణ్ణి అడుగుతాడు: నీ ఎడమ చేతి మీద స్ట్రాబెరీ మచ్చ ఉందా? లేదంటాడు అతను. అయితే వీడే నా తమ్ముడు!

ఇబ్బందల్లా బయట ప్రపంచంతో వచ్చింది. ఒకే సాయంత్రం రెండు మూడు నాటకాలు చూసే అలవాటు పోయింది. ముందొక చిన్న నాటకం వేయాలంటే దానికి వేరే సెట్టు, వేరే రిహార్సల్ కావాలి. పెద్ద నాటకం చూడ్డానికి వచ్చినవాళ్లు దానికోసం అరగంట ముందొచ్చి కూర్చోరు. విడిగా వేద్దామా అంటే అరగంటకి ఎవరూ టికెట్టు కొనరు. గంటసేపటి పాత రూపాన్ని వేసినా పక్కన ఇంకొకటి ఉండాల్సిందే.