అపోహలు - వాస్తవాలు: వేరే రాష్ట్రంలో కాలేజీ, క్యాంపస్ బయట అద్దె, స్టూడెంట్ లోన్

ఆగస్టు మొదటి వారం వచ్చిందంటే మా ఆఫీసులో ఫోన్ కింద పెట్టే తీరిక ఉండదు. నేను అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో ఫైనాన్షియల్ ఎయిడ్ కౌన్సెలర్‌ని. తెలుగు పేరు చూసి వెతుక్కుని మరీ నాకే ఫోన్ చేసే తల్లిదండ్రులు చాలామంది. "లోన్ అప్రూవ్ అయిందని మెయిల్ వచ్చిందండీ. అపార్ట్‌మెంట్ వాళ్లేమో అద్దె ఇవాళే కట్టమంటున్నారు. ఇంతకీ ఆ డబ్బు ఎక్కడుంది?" అంటారు. ఎక్కడా లేదు. అది ఇంకా పుట్టలేదు.

మే 1లోగా డిపాజిట్ కట్టి సీటు ఖాయం చేసుకుంటారు కదా, ఈ లెక్క అంతకుముందే వేసుకోవాలి. చాలా ఇళ్లలో అది ఆగస్టులో మొదలవుతోంది. అందుకే రోజూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. సిటిజన్ లేదా గ్రీన్ కార్డ్ ఉన్న పిల్లల అండర్‌గ్రాడ్ చదువు గురించే ఇదంతా. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చేవాళ్లకి ఫెడరల్ లోన్లు అసలు లేవు.

అపోహ: అవుటాఫ్ స్టేట్ ఫీజు ఎక్కువ కాబట్టి లోన్ కూడా ఎక్కువే ఇస్తారు

ఇవ్వరు. మీ పిల్ల రాష్ట్రం దాటిందా లేదా అన్నది ఫెడరల్ లోన్‌కి పట్టదు. తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థికి తన పేరు మీద మొదటి ఏడాది 5,500 డాలర్లు, రెండో ఏడాది 6,500, మూడు నాలుగు సంవత్సరాల్లో 7,500 చొప్పున వస్తాయి. ఇంటి పక్క కాలేజీలో చదివినా అంతే, రెండు వేల మైళ్ల అవతల చదివినా అంతే. నాలుగేళ్లకీ కలిపితే 27,000. పేరున్న పెద్ద స్టేట్ యూనివర్సిటీల్లో అవుటాఫ్ స్టేట్ వాళ్లకి ఒక్క ఏడాది మొత్తం ఖర్చే 60,000 దాటడం ఇప్పుడు మామూలైపోయింది. అంటే నాలుగేళ్ల లోన్ అంతా పోగేసినా సగం ఏడాదికి కూడా చాలదు.

ఇంకో మెలిక. అండర్‌గ్రాడ్ మొత్తానికి పైపరిమితి 31,000. నాలుగేళ్లూ పూర్తిగా తీసుకున్నవాడికి ఐదో ఏడాదికి మిగిలేది 4,000. మేజర్ మార్చుకున్నవాళ్లు, కో-ఆప్ (చదువు మధ్యలో కంపెనీలో చేసే పని) కోసం ఒక సెమిస్టర్ ఆగినవాళ్లు ఐదో ఏడాదిలో సరిగ్గా ఇక్కడే ఇరుక్కుంటారు. ఆ ఏడాది కూడా అద్దె మామూలుగానే కట్టాలి మరి.

అపోహ: మాకు జీతాలెక్కువ, ఫాఫ్సా (ఫెడరల్ సాయం కోసం పెట్టే దరఖాస్తు) నింపడం దండగ

పైన చెప్పిన 5,500లో సబ్సిడీ వచ్చేది గరిష్ఠంగా 3,500కే. చదువుతున్నంతకాలం దాని వడ్డీ ప్రభుత్వమే కడుతుంది. దీనికి మాత్రం కుటుంబ పరిస్థితి చూస్తారు. సబ్సిడీ లేని అన్‌సబ్సిడైజ్డ్ లోన్‌కి ఆదాయంతో పనిలేదు, కానీ ఫాఫ్సా నింపకపోతే అదీ రాదు. 2025-26కి దీని మీద వడ్డీ 6.39 శాతం, క్రెడిట్ చెక్ లేదు, కోసైనర్ (అప్పుకి తోడుగా సంతకం పెట్టేవాళ్లు) అక్కర్లేదు. పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి ఈ షరతుల మీద బయట ఎవరూ అప్పివ్వరు.

మన ఇళ్లలో వీసా గొడవ కూడా దీనికి తోడవుతుంది. హెచ్-4 డిపెండెంట్ వీసా మీద ఉన్న పిల్లలకి ఫెడరల్ సాయం లేదు, ఎంత చిన్నప్పుడు వచ్చినా సరే. అదే ఇంట్లో ఇక్కడ పుట్టిన చెల్లెలికి ఉంది. అమ్మానాన్నలు ఇంకా హెచ్-1బి మీదే ఉన్నా ఆ పిల్లకి అడ్డు కాదు. అమ్మకి సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకపోయినా ఫాఫ్సాలో తన భాగం తను నింపవచ్చు. ఇది తెలియక రెండేళ్లు ఊరికే పోగొట్టుకున్న కుటుంబాన్ని నేను చూశాను.

అపోహ: స్టూడెంట్ లోన్‌తో బయట అపార్ట్‌మెంట్ అద్దె కట్టకూడదు

నిక్షేపంగా కట్టవచ్చు. ప్రతి కాలేజీ ఏటా ఒక ఖర్చుల అంచనా వేస్తుంది. దాన్ని కాస్ట్ ఆఫ్ అటెండెన్స్ అంటారు. ట్యూషన్, ఫీజులు, పుస్తకాలతో పాటు ఉండటానికి, తిండికి, ప్రయాణానికి అందులో లెక్క ఉంటుంది. డార్మ్‌లో ఉన్నా, బయట అద్దెకున్నా, ఇంట్లోనే ఉన్నా మూడింటికీ వేర్వేరు అంకెలు. లోన్లు, స్కాలర్‌షిప్పులు అన్నీ కలిపి ఆ అంచనా దాటకూడదు.

గొడవంతా ఆ అంకె కాలేజీ వేసింది కావడంతోనే. మీ లీజులో ఉన్న అంకె కాదది. ఆ అంచనా సాధారణంగా రెండు సెమిస్టర్లకి, అంటే సుమారు తొమ్మిది నెలలకి వేస్తారు. క్యాంపస్ చుట్టుపక్కల లీజులేమో ఎక్కువగా పన్నెండు నెలలవి. గదికి నెలకి 900 అనుకుందాం. మీరు కట్టేది 10,800. తొమ్మిది నెలల లెక్కలో పట్టేది 8,100. మిగిలిన 2,700 లోన్‌లో ఎక్కడా లేదు. వేసవిలో సబ్‌లీజ్‌కి ఇస్తామంటారు పిల్లలు. ఆ వేసవిలో ఆ ఊళ్లోని పిల్లలందరూ అదే పని చేస్తుంటారు, అడిగేవాడుండడు.

అద్దె నిజంగానే అంచనా కంటే ఎక్కువైతే లీజు కాగితం తీసుకుని ఎయిడ్ ఆఫీసుకి రండి. సరైన కారణం ఉంటే అంచనాని సవరించే అధికారం మాకుంది. గ్రానైట్ కౌంటర్ టాప్, స్విమ్మింగ్ పూల్ సరైన కారణాలు కావు. నవ్వకండి, అడిగినవాళ్లున్నారు.

అపోహ: అద్దె గడువు నాటికి లోన్ డబ్బు చేతికి వస్తుంది

ఆ ఆగస్టు ఫోన్లన్నీ దీని గురించే. కొంచెం వివరంగా చెబుతాను.

లోన్ డబ్బు విద్యార్థి బ్యాంకు ఖాతాకి రాదు, కాలేజీకి వెళ్తుంది. అది కూడా సెమిస్టర్ మొదలవడానికి పది రోజుల కంటే ముందు కాలేజీ ఖాతాలో వెయ్యడానికి రూల్ ఒప్పుకోదు. ముందు ట్యూషన్, ఫీజులు కోసుకుంటారు. ఆ తర్వాత ఏమైనా మిగిలితే, మిగులు తేలిన రోజు, క్లాసులు మొదలైన రోజు, ఈ రెండింటిలో ఏది తర్వాతైతే అప్పట్నుంచి 14 రోజుల్లోగా విద్యార్థికి రీఫండ్ ఇవ్వాలి. ఏడాది లోన్ ఒకేసారి కూడా రాదు, ఫాల్‌కి సగం, స్ప్రింగ్‌కి సగం.

ఇప్పుడు లీజు తీయండి. సెక్యూరిటీ డిపాజిట్ సంతకం రోజునే. మొదటి నెల అద్దె ఆగస్టు 1న. క్లాసులు ఆగస్టు 24న మొదలయ్యాయనుకుంటే డబ్బు 14కి ముందు కదలదు, రీఫండ్ చేతికొచ్చేసరికి సెప్టెంబర్ అద్దె గుమ్మం ముందుంటుంది. డిపాజిట్, రెండు నెలల అద్దె, ఒక పరుపు, కరెంటు కనెక్షన్ కలిపి మీ జేబులోంచి ముందే పోవాలి. నేనైతే మూడు నెలల అద్దెకి సరిపడా నగదు చేతిలో లేకుండా క్యాంపస్ బయట లీజు మీద సంతకం పెట్టొద్దంటాను.

అవుటాఫ్ స్టేట్ పిల్లలకి ఇంకా కష్టం. వాళ్ల లోన్ అంతా ట్యూషనే మింగేస్తుంది. 5,500లో సగం 2,750 వచ్చి పదిహేను వేల బిల్లులో పడితే రీఫండ్ అన్న మాటే ఉండదు. "లోన్‌తో అద్దె కడతాం" అనే ఇళ్లలో ఆ అద్దె నిజానికి తల్లిదండ్రుల అప్పులోంచి కడుతున్నారు.

లీజు ఇచ్చేవాళ్లు లోన్‌ని ఆదాయం కింద ఒప్పుకోవడం కూడా అరుదే. అద్దెకి మూడు రెట్ల ఆదాయం చూపించమంటారు, లేదంటే గ్యారంటర్ కావాలంటారు. నలుగురు కలిసి ఒకే లీజు మీద సంతకం చేస్తే మాత్రం జాగ్రత్త. ఒకడు చెప్పాపెట్టకుండా వెళ్లిపోతే వాడి వాటా కూడా మిగిలిన ముగ్గురి మీదే పడవచ్చు. గదికొక లీజు ఇచ్చే చోట్లు ఉంటాయి, అడగండి.

అపోహ: పేరెంట్ ప్లస్ (తల్లిదండ్రులకిచ్చే ఫెడరల్ లోన్) తీసుకుంటే చదువయ్యాక అబ్బాయే కట్టుకుంటాడు

అబ్బాయి మంచివాడైతే కడతాడేమో. చట్టం ప్రకారం అది తల్లి లేదా తండ్రి అప్పు, పిల్లల పేరు మీదికి మార్చే దారి ఫెడరల్ ప్రోగ్రామ్‌లో లేదు. 2025-26కి వడ్డీ 8.94 శాతం. 20,000 తీసుకుంటే 4.228 శాతం ఫీజు ముందే పోయి కాలేజీకి చేరేది 19,154 డాలర్లు. వడ్డీ మాత్రం పూర్తి ఇరవై వేల మీద, ఏడాదికి 1,788.

ఇంతకాలం దీంతో మొత్తం ఖర్చు దాకా అప్పు తీసుకోనిచ్చేవాళ్లు. 2026 జూలై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకి ఒక్కో విద్యార్థికి ఏడాదికి 20,000, మొత్తం మీద 65,000 మించకూడదు. అంతకుముందే అదే చదువుకి లోన్ తీసుకున్నవాళ్లకి కొంతకాలం పాత పద్ధతే నడుస్తుంది. మా అక్క కొడుకు 2024లో ఇలాగే చేరాడు కదా అని వాళ్ల లెక్క మీరు వేసుకోకండి.

ఇక్కడా వీసా వస్తుంది. పేరెంట్ ప్లస్ తీసుకునే తల్లి లేదా తండ్రి స్వయంగా సిటిజన్ లేదా గ్రీన్ కార్డ్ హోల్డర్ లాంటి అర్హత ఉన్నవాళ్లై ఉండాలి. ఇద్దరూ హెచ్-1బి మీదుంటే రాదు. అలాంటప్పుడు ఊరుకోకుండా ఎయిడ్ ఆఫీసుని అడగండి. విద్యార్థికే అదనంగా అన్‌సబ్సిడైజ్డ్ లోన్, మొదటి రెండేళ్లు 4,000 దాకా, ఆ తర్వాత 5,000 దాకా, ఇచ్చే వీలుంది. అడిగితేనే.

ప్రైవేట్ లోన్ సంగతి తొందరగా చెప్పేస్తాను. కోసైనర్ కావాలి, అదీ మంచి క్రెడిట్ ఉన్నవాళ్లు. "ఒక్క సంతకమే కదా అంకుల్" అని ఫ్యామిలీ ఫ్రెండ్‌ని అడుగుతారు. ఆ అంకుల్ రేపు ఇల్లు కొనబోతే ఈ అప్పంతా ఆయన క్రెడిట్ రిపోర్టులో కూర్చుని ఉంటుంది.

అపోహ: ఒక ఏడాది అక్కడ అద్దెకుంటే ఇన్‌స్టేట్ ఫీజు అయిపోతుంది

రూల్ రాష్ట్రానికొకటి. చాలాచోట్ల పన్నెండు నెలల నివాసం అడుగుతారు, నిజమే. కానీ చదువు కోసమే వచ్చి ఉన్న కాలాన్ని లెక్కలోకి తీసుకోరు. పిల్లలు మీ మీద ఆధారపడి ఉన్నంతకాలం చూసేది మీ నివాసం. డ్రైవింగ్ లైసెన్సు మార్చి, ఓటు నమోదు చేయించి, కరెంటు బిల్లులు ఫైలు కట్టుకుని వచ్చినవాళ్లని వెనక్కి పంపడం నా ఉద్యోగంలో నాకు నచ్చని పని.

పనికొచ్చే దారులు వేరే ఉన్నాయి. పశ్చిమ రాష్ట్రాల మధ్య వెస్టర్న్ అండర్‌గ్రాడ్యుయేట్ ఎక్స్‌ఛేంజ్ ఉంది. అందులో ఉన్న కాలేజీలు ఇన్‌స్టేట్ ట్యూషన్‌కి ఒకటిన్నర రెట్లకి మించి తీసుకోవు. దక్షిణాదిలో అకడమిక్ కామన్ మార్కెట్ ఉంది, మీ రాష్ట్రంలో లేని కోర్సు అయితే అందులో ఉన్న వేరే రాష్ట్రంలో ఇన్‌స్టేట్ ధరకే చదవచ్చు. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో పోటీ మీద వచ్చే స్కాలర్‌షిప్ కనీసం 1,000 డాలర్లు తెచ్చుకుంటే ఇన్‌స్టేట్ రేటు దొరికే అవకాశం ఉంది. అన్ని కాలేజీలూ, అన్ని కోర్సులూ వీటిలో ఉండవు. దరఖాస్తు పంపేముందే అడగాలి.

అపోహ: 529 (చదువు కోసం పన్ను మినహాయింపుతో దాచుకునే ఖాతా) డబ్బు డార్మ్‌కే, బయట అద్దెకి వాడకూడదు

వాడవచ్చు. కనీసం హాఫ్‌టైమ్ చదువుతుండాలి, కాలేజీ తన అంచనాలో ఉండటానికీ తిండికీ వేసిన అంకె దాటకూడదు. కారు పెట్రోలు దీంట్లో రాదు.

అపోహ: మధ్యలో మానేస్తే లోనూ ఆగిపోతుంది, గొడవ ఉండదు

కిందటేడు ఒక అమ్మాయి అక్టోబర్ చివర్లో వచ్చింది. ఆరోగ్యం బాగాలేదు, సెమిస్టర్ వదిలేసి ఇంటికి వెళ్లిపోతానంది. రీఫండ్ ఎప్పుడో అద్దెకి అయిపోయింది, లీజు జూలై దాకా ఉంది. సెమిస్టర్‌లో 60 శాతం గడవకముందే మానేస్తే, చదివిన రోజుల నిష్పత్తి ప్రకారమే లోన్ ఆమెదవుతుంది. మిగతాది వెనక్కి వెళ్తుంది, కాలేజీ వెనక్కి పంపిన భాగం తిరిగి ఆమె బిల్లుగా మారుతుంది. క్యాలెండర్ తీసి చూశాం. 60 శాతానికి ఇంకా ఆరు రోజులుంది. ఆ ఆరు రోజులూ క్లాసులకి నిజంగా వెళ్లగలవా అని అడిగాను. వాళ్లమ్మకి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టింది. ఆమె వెంటనే, "టికెట్ ఏడో రోజుకి బుక్ చేస్తున్నానండీ, ఈ ఆరు రోజులూ నేనే వచ్చి వండిపెడతాను" అంది.