విషం నుంచి యాంటీబయాటిక్: బ్యాక్టీరియాను చంపడం అసలు కష్టమే కాదు

"తేలు విషంతో మొండి రోగాలకు మందు" అంటూ ఏదో ఒక వార్త వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది, చుట్టాల్లో ఎవరో ఒకరు అది నాకు పంపి "ఇది మీ పనేనా?" అని అడుగుతారు. నా పని అదే. విషాల్లో దొరికే పెప్టైడ్‌లను, అంటే చిన్న చిన్న ప్రోటీన్ ముక్కల్ని ల్యాబ్‌లో తయారు చేసుకుని, అవి బ్యాక్టీరియాను చంపుతాయా, చంపితే ఇంకా వేటిని చంపుతాయి అని చూడటం. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నా.

అపోహ: విషంలో బ్యాక్టీరియాను చంపేది దొరికిందంటే మందు దొరికినట్టే.

ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. బ్యాక్టీరియాను బ్లీచింగ్ పౌడర్ కూడా చంపుతుంది. తేనెటీగ విషంలో మెలిటిన్ అని 26 అమైనో ఆమ్లాల గొలుసు ఉంటుంది, ఎండబెట్టిన విషం బరువులో దాదాపు సగం అదే. బ్యాక్టీరియా పొరను చీల్చి పారేస్తుంది. అదే ఊపులో మన ఎర్ర రక్తకణాలనూ చీల్చేస్తుంది. ఈ సంగతి తేల్చే పరీక్ష పెద్ద హంగామా ఏమీ కాదు: కడిగిన ఎర్ర రక్తకణాలను ఉప్పు ద్రావణంలో కలిపి, పెప్టైడ్ వేసి, 37 డిగ్రీల దగ్గర ఓ గంట ఉంచి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతాం. కణాలు క్షేమంగా ఉంటే ట్యూబు అడుగున ఎర్రటి ముద్దగా చేరతాయి, పైన నీరు తేటగా ఉంటుంది. పగిలితే నీరంతా ఎర్రబడిపోయి అడుగున ఏమీ మిగలదు. మెలిటిన్ వేసిన ట్యూబు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. చూడ్డానికి ఆశాజనకంగా కనిపించిన పెప్టైడ్‌లు చాలావరకు ఈ ట్యూబు దగ్గరే ఆగిపోతాయి.

మరి దారి లేదా అంటే ఉంది. బ్యాక్టీరియా పొర బయటివైపు రుణావేశం ఎక్కువ, మన కణాల బయటివైపు దాదాపు తటస్థం, పైగా మన పొరలో కొలెస్టరాల్ ఉంటుంది. ఈ పెప్టైడ్‌లకు ధనావేశం. ఆ తేడాను పట్టుకుని ఒక్కో అమైనో ఆమ్లాన్నీ మార్చుకుంటూ పోతే బ్యాక్టీరియాను పట్టుకుని మనల్ని వదిలేసే రూపం ఎక్కడో తగలొచ్చు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో ఆర్. నాగరాజ్ బృందం ఈ ఆవేశం, ఆకృతి లెక్కల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. కందిరీగ విషంలోని మాస్టోపారాన్‌ను (14 అమైనో ఆమ్లాలే) పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో సెజార్ డి లా ఫ్యూయెంటే బృందం ఇలాగే ఒక చివర మార్చి 2020లో ప్రచురించింది. సెప్సిస్, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి వచ్చిన ఎలుకల్లో దానితో 80 శాతం బతికాయి. గుర్తుపెట్టుకోండి, ఎలుకలు.

అపోహ: ల్యాబ్ ప్లేటులో పనిచేస్తే ఒంట్లోనూ పనిచేస్తుంది.

ప్రోటీన్లను అరిగించే ట్రిప్సిన్ లాంటి ఎంజైములు గొలుసును తెంచేది సరిగ్గా లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాల పక్కనే. మన పెప్టైడ్‌కు ధనావేశం ఇచ్చేవి కూడా ఆ రెండే! దానికితోడు ఒంట్లో ఉప్పు, రక్తంలోని ప్రోటీన్లు దాని బలాన్ని సగానికి సగం చంపేస్తాయి. అసలు ప్లేటులోనే నమ్మకం లేదు. మామూలు పాలీస్టైరీన్ ప్లేటు వాడితే పెప్టైడ్ గోడలకు అంటుకుపోతుంది, ద్రావణంలో మిగిలేది తక్కువ, అందుకే పాలీప్రొపిలీన్ ప్లేట్లే వాడాలి. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి రోజే చెప్పే మాట ఇది.

అపోహ: పాము విషం బ్యాక్టీరియాను చంపుతుందని పేపర్లు వచ్చాయి, ముల్లును ముల్లుతోనే తీయాలి కదా.

పేపర్లు నిజమే. కానీ చాలా విషాల్లో ఆ పని చేసేది ఎల్-అమైనో ఆమ్ల ఆక్సిడేజ్ అనే ఎంజైము. పింజర జాతుల విషం చాలావరకు పసుపుగా ఉండటానికి కారణం కూడా ఇదే, దీనిలో బి2 విటమిన్ నుంచి వచ్చే భాగం ఒకటుంటుంది. ఇది అమైనో ఆమ్లాలను విడగొట్టేటప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది, బ్యాక్టీరియాను చంపేది ప్రధానంగా అదే. పెరాక్సైడ్‌ను విడగొట్టే కెటలేజ్ అనే ఎంజైమును కలిపి చూడండి, ఆ ప్రతాపం చాలావరకు పోతుంది. పుండు కడుక్కునే పెరాక్సైడ్ సీసా మెడికల్ షాపులో ఎలాగూ దొరుకుతుంది, దానికోసం రక్తపింజరను ఇబ్బంది పెట్టడం దేనికి? అందుకే ఏ పేపరు వచ్చినా నేను ముందు కెటలేజ్ పరీక్ష చేశారా అని వెతుకుతా.

అపోహ: ఇందుకోసం వేల పాముల్ని, తేళ్లను పట్టాలి.

గొలుసు వరస తెలిస్తే చాలు, మెషీన్‌లో కట్టేస్తాం. ఆ పద్ధతికే మెర్రిఫీల్డ్ అనే రసాయన శాస్త్రవేత్తకు 1984లో నోబెల్ వచ్చింది. మెక్సికో తేలు ఒకదాని విషం గాలి తగలగానే రంగు మారడం గమనించి, అర మైక్రోలీటరు విషం నుంచే అందులోని ఎరుపు, నీలం అణువుల నిర్మాణం తేల్చి, వాటిని రసాయనికంగా తయారు చేశారు (2019). ఎరుపుది స్టాఫ్ ఆరియస్ అనే బ్యాక్టీరియా మీద, నీలంది క్షయ బ్యాక్టీరియా మీద పనిచేశాయి. ఇప్పుడైతే జీవి మొహం కూడా చూడక్కర్లేదు. 2025లో డి లా ఫ్యూయెంటే బృందమే డేటాబేసుల్లోని 16,123 విష ప్రోటీన్లను కంప్యూటర్‌తో జల్లెడ పట్టి, 58 పెప్టైడ్‌లు తయారు చేయిస్తే 53 పనిచేశాయి. ఎక్కడ పనిచేశాయంటే, రెండో అపోహ దగ్గర చెప్పిన ల్యాబ్ ప్లేటులో.

చెన్నై దగ్గర ఇరుల సహకార సంఘం తీసే పాము విషం సంగతి వేరు. అది విరుగుడు మందు తయారీకి వెళ్తుంది. గుర్రాలకు ఎక్కించి యాంటీబాడీలు తీస్తారు. దానికీ యాంటీబయాటిక్‌కూ సంబంధం లేదు.

అపోహ: ఇలాంటి మందులకు బ్యాక్టీరియా ఎప్పటికీ అలవాటు పడదు.

పొరను పట్టుకునే పెప్టైడ్ మందు కొలిస్టిన్ మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. దాన్ని తట్టుకునే ఎంసీఆర్-1 జన్యువు, ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి పాకేది, చైనాలో బయటపడి 2015లో ప్రచురితమైంది. ఇంకా కావాలంటే, విషం ఉమ్మే ఆఫ్రికా నాగు విషంలోనే ఎంటెరోకాకస్ ఫీకాలిస్ అనే బ్యాక్టీరియా హాయిగా కాపురం ఉంటోందని 2022లో తేలింది. విషంలో సూక్ష్మజీవి బతకదన్న మాట అక్కడితో సరి.

తేనెటీగలతో కుట్టించుకుంటే ఇన్ఫెక్షన్లు పోతాయనేవాళ్లకు ఒక్కటే మాట: స్పెయిన్‌లో ఒకామె అలా కుట్టించుకుని అలర్జీతో చనిపోయిన సంగతి 2018లో వైద్య పత్రికలో వచ్చింది. వద్దు.

అపోహ: మందు ఎప్పుడో సిద్ధమైంది, కంపెనీలు తొక్కిపెట్టాయి.

విషం నుంచి వచ్చిన మందులు ఉన్నాయి. బీపీకి క్యాప్టోప్రిల్ (1981, బ్రెజిల్ పింజర), నొప్పికి జికోనోటైడ్ (2004, శంఖు నత్త), షుగర్‌కు ఎక్సెనటైడ్ (2005, గీలా బల్లి). ఇవన్నీ మన ఒంట్లోని ఏదో ఒక గ్రాహకాన్నో (కణానికి సంకేతం అందించే ప్రోటీన్), అయాన్ ఛానెల్‌నో (కణం పొరలోని ద్వారం), ఎంజైమునో కొద్ది మోతాదులో తాకేవి. విషం చేసే పనే అది కాబట్టి కుదిరింది. యాంటీబయాటిక్ మాత్రం ఇప్పటిదాకా ఒక్కటీ ఆమోదం పొందలేదు. దాచిపెట్టడం కాదు, పెట్టిన డబ్బు తిరిగి రాదని కంపెనీలే పారిపోతున్నాయి. కొత్త యాంటీబయాటిక్‌ను డాక్టర్లు ఆఖరి అస్త్రంగా పక్కన పెడతారు, రోగి వాడినా వారం పది రోజులే. అమెరికాలో అకావోజెన్ అనే కంపెనీ ప్లాజోమైసిన్ అనే కొత్త యాంటీబయాటిక్‌కు 2018 జూన్‌లో అనుమతి తెచ్చుకుంది, 2019 ఏప్రిల్‌కల్లా దివాలా తీసింది. అది విషం మందు కూడా కాదు, దశాబ్దాలుగా తెలిసిన జెంటామైసిన్ కుటుంబమే.