ఒంటరి యుద్ధం ఎవరి బలం?

అగ్రరాజ్యం ఎవరినీ ఖాతరు చేయకుండా యుద్ధానికి దిగితే అది సత్తాయా, మాట చెల్లక చేసిన పనా? ఈ వాదనలో ముందుగా 2003లో ఇరాక్‌పై అమెరికా చేసిన యుద్ధం ప్రస్తావనే వస్తుంది. 1991 నాటి గల్ఫ్ యుద్ధంతో పోల్చి చూడకపోతే అది సగమే అర్థమవుతుంది.

కువైట్ నుంచి ఇరాక్‌ను వెళ్లగొట్టే ముందు అమెరికా నెలల తరబడి తోడు కూడగట్టింది. 1990 నవంబరులో భద్రతా మండలి బలప్రయోగానికి అనుమతించే 678వ తీర్మానాన్ని 12-2 ఓట్లతో ఆమోదించింది. యుద్ధానికి దాదాపు 6,100 కోట్ల డాలర్లు ఖర్చయితే, అందులో 5,000 కోట్లకు పైగా సౌదీ అరేబియా, కువైట్, జపాన్, జర్మనీ వంటి దేశాలే భరించాయి. తాను చేసే యుద్ధానికి ఇతరుల చేత డబ్బు కట్టించడం కన్నా పెద్ద పెత్తనం ఏముంటుంది?

తోడంటే అమెరికాకు విసుగు 1999లో మొదలైంది. కొసావో యుద్ధంలో ఏ లక్ష్యంపై బాంబు వేయాలన్నా నాటో మిత్రులతో బేరమాడాల్సి వచ్చింది. అందుకే 2001లో నాటో తన చరిత్రలో తొలిసారి అయిదో అధికరణాన్ని (ఒక సభ్యదేశంపై దాడిని అందరిపై దాడిగా చూడాలనే నియమాన్ని) ప్రయోగించి అండగా నిలిచినా, అమెరికా అఫ్గాన్ యుద్ధం పగ్గాలు దానికి ఇవ్వలేదు.

2003లో అమెరికా పూర్తిగా ఒంటరేమీ కాదు. బ్రిటన్ సుమారు 45 వేల మందిని పంపింది. అయితే ఉత్తరం నుంచి ఇరాక్‌లోకి వెళ్లాలంటే తుర్కియే (టర్కీ) దారి ఇవ్వాలి. మార్చి 1న అక్కడి పార్లమెంటులో అనుకూలంగా 264, వ్యతిరేకంగా 250 ఓట్లు పడ్డాయి. 19 మంది తటస్థంగా ఉన్నారు. హాజరైన వారిలో సగానికి పైగా కావాలన్నది నియమం. మూడు ఓట్లు తగ్గాయి. అమెరికా సైన్యపు నాలుగో పదాతి డివిజన్ సామగ్రితో మధ్యధరా సముద్రంలో వేచి ఉన్న ఓడలు చివరికి సూయజ్ మీదుగా కువైట్‌కు మళ్లాయి. అవి చేరేలోగానే యుద్ధం మొదలైంది.

బాగ్దాద్ మూడు వారాల్లో పడిపోయింది. ఒంటరి పోకడను మెచ్చేవారు ఇక్కడే కథ ఆపేస్తారు. జులైలో ఇరాక్‌కు సైన్యం పంపమని అమెరికా అడిగితే, ఐక్యరాజ్యసమితి ఆదేశం లేకుండా పంపలేమని భారత్ చెప్పింది. అక్టోబరులో అమెరికా మళ్లీ భద్రతా మండలి తలుపు తట్టింది. ఇరాక్‌కు సైన్యం, డబ్బు సాయం చేయాలని దేశాలను కోరే 1511వ తీర్మానం ఏకగ్రీవంగానే నెగ్గింది. అనుకూలంగా చెయ్యెత్తిన ఫ్రాన్స్, రష్యా, జర్మనీ మాత్రం అదనంగా సైన్యం గాని డబ్బు గాని ఇచ్చేది లేదని ఆ రోజే ప్రకటించాయి.