బ్యాటరీ లేని కెమెరా, కర్నూలు ఎండ

"దీంట్లో సెల్లు ఎక్కడ వెయ్యాలి మామా?" అని అడిగాను, కెమెరాను అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"సెల్లు అక్కర్లేదురా. ఎండ చాలు దానికి," అన్నాడు మామయ్య.

అది ఒలింపస్ ట్రిప్ 35. జపాన్‌లో 1960ల చివర్లో మొదలుపెట్టి 1984 దాకా తయారుచేశారు. లెన్స్ చుట్టూ తేనెపట్టు గదుల్లా బొడిపెలున్న రింగు ఒకటి ఉంటుంది. నేను అలంకారం అనుకున్నాను. కాదు, దాని వెనక సెలీనియం పొర ఉంది. వెలుతురు పడితే సెలీనియం కాస్త కరెంటు పుట్టిస్తుంది. 1883లో అమెరికాలో చార్లెస్ ఫ్రిట్స్ సెలీనియం మీద పలచటి బంగారు పూత వేసి సోలార్ సెల్ చేసింది ఈ గుణంతోనే. ఇవాళ మా ఓర్వకల్లు దగ్గర గని, శకునాల భూముల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్క్ ఉంది. మామయ్య కెమెరాలో జరిగేదీ ఆ కోవ పనే. కాకపోతే ఇక్కడ పుట్టే కరెంటుకు ఒక సన్నటి సూదిని కదిలించే బలమే ఉంటుంది.

నన్ను కట్టిపడేసింది ఆ సూదే. కరెంటు ఎంత వస్తే సూది అంత జరుగుతుంది. మనం బటన్ నొక్కగానే లోపల మెట్లు మెట్లుగా కోసిన రేకు ఒకటి వచ్చి సూదిని ఉన్నచోటే పట్టేస్తుంది. సూది ఏ మెట్టు దగ్గర చిక్కిందో దాన్నిబట్టే లెన్స్ కంత ఎంత తెరుచుకోవాలో తేలిపోతుంది. కంతను తెరిచి మూసే రేకుల్ని కదిలించే బలం మాత్రం మన వేలిదే. చిప్పు లేదు, లెక్క కట్టే యంత్రం లేదు.

లెన్స్ ఫోకల్ లెంగ్త్ 40 మిల్లీమీటర్లు. కంతకు నంబర్లుంటాయి, 40ని ఆ నంబరుతో భాగిస్తే కంత వెడల్పు వస్తుంది. 2.8 దగ్గర అది 14 మిల్లీమీటర్లు దాటుతుంది. 22 దగ్గర రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు, ఇంచుమించు ఆవగింజంత. వెలుతురును లోపలికి ఎంతసేపు వదలాలో చూసే షటర్‌కు ఉన్నవి రెండే వేగాలు: సెకనులో 40వ వంతు, 200వ వంతు. 200 స్పీడు రీలు (ఈ స్పీడు అంటే వెలుతురును పట్టే చురుకు) వేస్తే మిట్టమధ్యాహ్నం ఎండకు 16వ నంబరు కంత, 200వ వంతు సెకను సరిగ్గా సరిపోతాయి. పాత ఫోటోగ్రాఫర్లు నోటి లెక్కగా చెప్పేదీ ఇదే.

ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద నొక్కి చూశాను. బటన్ దిగలేదు. కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌లో చిన్న ఎర్ర నాలుక పైకి లేచింది. వెలుతురు చాలదని చెప్పడం అది. వాకిట్లోకి వచ్చి నొక్కితే టక్కుమంది. ఇలాంటి పాత కెమెరా కొనేవాళ్లు ముందు లెన్స్‌ను, దాని చుట్టూ ఉన్న రింగును అరచేత్తో మూసి నొక్కాలి. ఎర్ర నాలుక లేవకపోతే వెలుతురు కొలిచే ఆ మీటర్‌ను నమ్మకండి. సెలీనియం పాతబడి నీరసించినా చిక్కే. సూది తక్కువ జరుగుతుంది, కెమెరా దాన్ని చీకటి అనుకుని కంత ఎక్కువ తెరుస్తుంది, ఫోటో తెల్లగా పాలిపోతుంది.

36 ఫోటోల రీలు వేసుకుని ఓర్వకల్లు రాక్ గార్డెన్‌కు వెళ్లాను. ఫోటోలు కడిగించి తెస్తే ఆకాశం బాగుంది, రాళ్లన్నీ నల్లగా పడ్డాయి. చాలా దిగులేసింది. సెలీనియం కళ్ల ముందున్న వెలుతురంతా కలిపి చూస్తుంది. రాళ్ల వెనక ఆకాశం తెల్లగా మండుతుంటే సూది ఆ వెలుగుకే ఎగబాకింది.

"ముందు రాళ్ల వైపు కిందికి దించు. బటన్ సగం నొక్కి పట్టుకో. సూది అక్కడే చిక్కుతుంది. అట్లే పట్టుకుని పైకెత్తి తియ్యి," అన్నాడు మామయ్య.

రెండో రీలులో రాళ్ల మీది చారలు కూడా కనిపిస్తున్నాయి.