యూట్ కొంటున్నారా? పేరు సరే, ఇంజన్ ఎవరిది?

పికప్‌ని ఇక్కడ మెల్‌బోర్న్‌లో యూట్ అంటారు. సెకండ్‌హ్యాండ్‌లో కొనేముందు మనవాళ్లు మెకానిక్‌నని నాకు ఫోన్ చేస్తారు. ఎక్కువగా వినే అపోహలు ఇవి.

అపోహ: మాజ్దా బీటీ-50 అంటే మాజ్దా బండి.

వాస్తవం: పేరు ఒకటే, బండ్లు రెండు. 2011లో వచ్చిన బీటీ-50 ఫోర్డ్ రేంజర్‌కి తోబుట్టువు. 2020లో వచ్చినది ఇసుజు డి-మాక్స్‌కి. దాన్ని థాయ్‌లాండ్‌లో తయారుచేసేది కూడా ఇసుజునే.

పోయిన చలికాలం ఒక తమ్ముడు ఫిల్టర్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకుని వచ్చాడు. "బీటీ-50వే అన్నా, చూసే కొన్నా." బండి 2017ది, ఫిల్టర్లేమో కొత్త మోడల్‌వి. ఇంజన్ మీది ప్లాస్టిక్ కవర్ తీసి ఇంజెక్టర్లు (డీజిల్ చిమ్మేవి, సిలిండరుకొకటి) లెక్కపెట్టమన్నా. ఐదు. అంటే ఫోర్డ్ 3.2 లీటర్ల ఇంజన్. ఇసుజు 3 లీటర్లదైతే నాలుగే ఉంటాయి.

ఈ ఐదు సిలిండర్ల ఇంజన్‌తో ఇంకో తంటా ఉంది. పాత ఆయిల్ దించాక పది నిమిషాల్లో కొత్తది పోసెయ్యాలి. ఆలస్యమైతే ఆయిల్ పంపు ఖాళీ అయి, స్టార్ట్ చేసినా ఆయిల్ లాగదు. ఇంజన్ పని అయిపోయినట్టే. అందుకే కొత్త ఫిల్టరు, మూత తీసిన ఆయిల్ డబ్బా పక్కన పెట్టుకున్నాకే డ్రెయిన్ బోల్టు మీద స్పానర్ పెడతా. రేంజర్‌కి ఈ జాగ్రత్త తీసుకునేవాళ్లే బీటీ-50కి ఆయిల్ దించి టీకి వెళ్తారు!

అపోహ: హోల్డెన్ కొలరాడోలో ఉండేది డి-మాక్స్ ఇంజనే.

వాస్తవం: 2008లో ఇక్కడి హోల్డెన్ కంపెనీ తన యూట్ రోడియో పేరు మార్చి కొలరాడో అన్నప్పుడు నిజమే, డీజిల్ ఇంజన్ ఇసుజుదే. 2012 మోడల్ నుంచి మాత్రం ఛాసిస్‌లో చుట్టరికం మిగిలింది గానీ ఇంజన్ మారిపోయింది. 2.8 లీటర్ల డ్యూరామాక్స్, ఇటలీ కంపెనీ వీఎం మోటోరి డిజైన్. ఇసుజుకి టైమింగ్ చెయిన్, దీనికి బెల్టు, దాన్ని కొన్నాళ్లకి మార్చాలి. బెల్టు మార్చిన బిల్లు చూపించకపోతే ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోండి.

అపోహ: మెర్సిడెస్ ఎక్స్-క్లాస్ అంటే స్టిక్కర్ మార్చిన నిస్సాన్ నవారా.

సగం నిజం. నాలుగు సిలిండర్లవాటిలో నవారాలో ఉన్న ఇంజనే. ఎక్స్350డిలో మాత్రం మెర్సిడెస్ సొంత ఆరు సిలిండర్ల వీ6 ఉంది. వెనక డిస్క్ బ్రేకులు కూడా ఇచ్చారు. 2020లో తయారీ ఆపేశారు. నన్నడిగితే, తెలిసిన స్పెషలిస్టు ఉంటే తప్ప వద్దు.

"డి-మాక్స్, కొత్త బీటీ-50 ఒకటే అయితే ఏది కొన్నా ఒకటేగా?" అనీ అడుగుతారు. 2020లో వచ్చినప్పటి వారంటీ చూడండి: ఇసుజుది ఆరేళ్లు లేదా 1,50,000 కిలోమీటర్లు, మాజ్దాది ఐదేళ్లు, కిలోమీటర్ల లెక్క లేదు. బాగా తిరిగేవాడికి మాజ్దానే మేలు.

మన శ్రీసిటీలోనూ 2016 నుంచి డి-మాక్స్ తయారవుతోంది. నెల్లూరులో మా బావకి ఒకటుంది, 2021ది. 1.9 లీటర్ల ఇంజన్, బాడీ పాత తరానిది. "అక్కడ నుంచి హెడ్‌లైట్లు పంపరా" అంటాడు. ఇక్కడ ఇప్పుడున్నవి కొత్త తరానివి, దానికి కూర్చోవు. ముందు బానెట్ ఎత్తి ఫొటో పెట్టు బావా అన్నా. ఇంకా పెట్టలేదు.