పని చేసిందండీ: ఊరికే సాయం చేసినవాళ్ల వెనుక కథ

2004లో దిల్‌సుఖ్‌నగర్‌లో నేను వెళ్లే నెట్ సెంటర్‌లో తెలుగు కనిపించేది కాదు. అక్షరాలు ఉండాల్సిన చోట వరసగా డబ్బాలు వచ్చేవి. ఓనర్‌ని అడిగితే “ఇంటర్నెట్‌లో తెలుగు రాదు, ఇంగ్లిష్‌లో చదువుకోండి” అన్నాడు. ఒక యాహూ గుంపులో ఇంగ్లిష్ అక్షరాలతోనే తెలుగు రాసి నా గోడు చెప్పుకున్నాను. మర్నాటికి జవాబు వచ్చింది. కంట్రోల్ ప్యానెల్ తెరవండి, రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్‌లోకి వెళ్లండి, లాంగ్వేజెస్ అన్న ట్యాబ్‌లో మొదటి గడిలో టిక్ పెట్టండి, విండోస్ ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది, పెట్టండి, తర్వాత సిస్టమ్ రీస్టార్ట్ చేయండి. చివర్లో ఇంకో మాట కూడా ఉంది: సీడీ లేకపోతే టెన్షన్ పడకండి, ఐ386 అనే ఫోల్డర్ మీ సిస్టమ్‌లోనే ఉందేమో వెతకండి.

సీడీ లేదు. ఫోల్డర్ ఉంది. రీస్టార్ట్ అయ్యాక డబ్బాలు పోయి తెలుగు వచ్చింది. ఓనర్ లేచి వచ్చి చూసి, మిగతా సిస్టమ్‌లన్నిటికీ అదే చేయమన్నాడు. ఆ హడావిడిలో నా గంట అయిపోయింది. జవాబు రాసినాయనకు ‘పని చేసిందండీ’ అని నేను ఎప్పుడూ రాయలేదు. ఆయన ఎవరో, ఏ ఊర్లో ఉంటారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆన్‌లైన్‌లో పైసా తీసుకోకుండా సాంకేతిక సాయం చేసేవాళ్లు విసిగిపోతున్నారని, ఒక్కొక్కరుగా పక్కకు తప్పుకుంటున్నారని కొన్నేళ్లుగా వింటున్నాం. వాళ్లను ఎలా గౌరవించాలన్న చర్చ కూడా నడుస్తోంది. ఆ చర్చలో ఎక్కువగా వినిపించేది డబ్బు మాట. నాకు మాత్రం ఈ విసుగు మూలం ఇంకా చిన్న విషయంలో ఉందనిపిస్తుంది. చెప్పిన మాట అవతలివాళ్లకు పనికొచ్చిందో లేదో చెప్పినవాళ్లకు తెలియకుండా పోవడమే ఆ విషయం. ఒకప్పుడు అలా ఉండేది కాదు.

1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనే ఇద్దరు విద్యార్థులు యూజ్‌నెట్ అనే చర్చావేదిక ఆలోచన చేశారు. మరుసటి ఏడాదికి అది నడక మొదలుపెట్టింది. విశ్వవిద్యాలయాల కంప్యూటర్లు ఫోన్ లైన్ల మీద ఒకదానికొకటి సందేశాలు అందించుకునేవి. ఇవాళ అడిగినవాళ్లే రేపు ఇంకొకరికి జవాబు చెప్పేవాళ్లు. పక్కింటి నుంచి గ్లాసుడు పంచదార చేబదులు తెచ్చుకున్నట్టు ఉండేది వ్యవహారం. తీసుకున్నవాళ్లకూ ఇచ్చినవాళ్లకూ ఒకరికొకరు గుర్తుండేవాళ్లు.

ఆ కాలపు పద్ధతుల్లో నాకు బాగా నచ్చినది సన్ కంపెనీ కంప్యూటర్లను చూసుకునే సిస్టమ్ అడ్మిన్లది. సన్ మేనేజర్స్ అని వాళ్లకో మెయిలింగ్ లిస్ట్ ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబులు అందరికీ కాకుండా అడిగినవాళ్లకే విడిగా వెళ్లేవి. అడిగినవాళ్లు వాటన్నిటినీ చదివి, ప్రయత్నించి, ఏది పని చేసిందో, ఏది చేయలేదో, ఎవరెవరు జవాబిచ్చారో ఒకచోట రాసి ‘సమ్మరీ’ అన్న మాట ముందు పెట్టి అందరికీ పంపాలి. ఇది అక్కడి నియమం. కృతజ్ఞత చెప్పడం, తర్వాత వచ్చేవాళ్లకు దారి వేయడం రెండూ ఒకే ఉత్తరంలో జరిగిపోయేవి. ఇంత చక్కటి ఏర్పాటు మళ్లీ ఎక్కడా నాకు కనిపించలేదు.

ఏటా సెప్టెంబరులో కాలేజీల్లో కొత్త విద్యార్థులు చేరినప్పుడు యూజ్‌నెట్‌లో కాస్త గందరగోళం ఉండేది. నెల తిరిగేసరికి వాళ్లు కూడా పద్ధతులు నేర్చుకునేవాళ్లు. 1993 తర్వాత ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీల ద్వారా జనం రోజూ వచ్చి చేరుతూనే ఉండటంతో, నేర్పేవాళ్లకంటే వచ్చేవాళ్లు ఎక్కువైపోయారు. దాన్ని ‘ముగింపు లేని సెప్టెంబరు’ అన్నారు. అందరికీ ఇంటర్నెట్ రావడం మంచిదే, అది రాకపోతే నాలాంటివాళ్లకు చోటే లేదు. కానీ సాయం తీసుకున్నాక తిరిగొచ్చి ఒక మాట చెప్పే అలవాటు ఆ గుంపులో పడి నలిగిపోయింది. అదే 1993లో మైక్రోసాఫ్ట్, తన ఉత్పత్తుల మీద జనానికి ఊరికే జవాబులు చెప్పేవాళ్లను గుర్తించి ఎంవీపీ (మోస్ట్ వాల్యుబుల్ ప్రొఫెషనల్) అన్న గౌరవం ఇవ్వడం మొదలుపెట్టింది. కంపెనీ మెచ్చుకోవడం అలా మొదలయ్యేనాటికి, సాయం పొందినవాళ్లు మెచ్చుకోవడం తగ్గుతూ వచ్చింది.

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా. హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998 నవంబరులో. ఆ రోజుల్లో ఎవరికైనా జవాబు రాయడమంటే జేబులోంచి డబ్బు పెట్టడమే. నిమిషాల లెక్కన ఫోన్ బిల్లు పడేది. అందుకని ముందు నోట్‌ప్యాడ్‌లో జవాబంతా రాసుకుని, మోడెమ్ కలిపి, అతికించి, వెంటనే లైన్ కట్ చేసేవాళ్లు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఉన్న ఇన్‌స్టిట్యూట్లలో ఆ కాలంలో జావా నేర్చుకున్నవాళ్లను అడగండి. క్లాసులో సగం అర్థమయ్యేది. మిగతా సగం సాయంత్రం నెట్ సెంటర్‌లో జావారాంచ్ లాంటి ప్రశ్నోత్తరాల సైట్లలో ఎవరో విదేశీయులు ఓపికగా విడమరిచి చెబితే తెలిసేది. జావారాంచ్‌లో అందరికీ తెలిసిన నియమం ఒకటుండేది, మంచిగా మాట్లాడండి అని. ఇంగ్లిష్ సరిగా రాదని భయపడే జిల్లాల పిల్లలకు ఆ నియమం ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను. ఈ నగరంలో ఎన్నో ఉద్యోగాల వెనుక అలాంటి జవాబులున్నాయి. రెజ్యూమెలో వాటి పేరు రాసుకునే చోటుండదు.

తెలుగు సంగతి మరీ దగ్గరది, ఎందుకంటే తెర మీద మన అక్షరం కనిపించడమే చాలావరకు ఇలాంటివాళ్ల పుణ్యం. ప్రపంచ లిపులన్నిటినీ కంప్యూటర్‌లో ఒకే తీరుగా రాసే యూనికోడ్ పద్ధతిలో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది గానీ, అది మామూలు కంప్యూటర్‌లో కనపడటానికి చాలా ఏళ్లు పట్టింది. అంతకుముందు ఒక్కో పత్రిక సైట్‌కి ఒక్కో ఫాంట్ ఉండేది. ఒకదాని ఫాంట్‌తో ఇంకోటి చదవలేం. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగువాళ్లు 1990ల మొదట్లో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని తయారుచేశారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దానికి నాంది పలికిన వెన్న నాగార్జునే, రకరకాల పత్రికల ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చి చూపించే పద్మ అనే పరికరాన్ని కూడా అందించారు. వీవెన్ చేసిన లేఖిని అనే సైట్ వచ్చాక, కీబోర్డు మీద తెలుగు అక్షరాలు ఎక్కడున్నాయో తెలియనివాళ్లు కూడా రాయడం మొదలుపెట్టారు. ఒక పెట్టెలో ఇంగ్లిష్‌లో కొడుతుంటే ఇంకో పెట్టెలో తెలుగు పేరుకుపోవడం మొదటిసారి చూసినప్పుడు నేను మా అమ్మ పేరు కొట్టాను.

ఆ రోజుల్లో యూసుఫ్‌గూడలోని కృష్ణకాంత్ పార్కులో తెలుగు బ్లాగర్లు ఆదివారాలు కలిసేవాళ్లు. గడ్డి మీద కూర్చుని ఒకరి ఇబ్బంది ఒకరు తీర్చుకునేవాళ్లు: ఫలానా బ్రౌజర్‌లో వత్తులు విడిపోతున్నాయి, ఫలానా ఫాంట్‌లో పొల్లు సరిగా పడటం లేదు. తర్వాత ఇ-తెలుగు పేరుతో సంఘంగా ఏర్పడి హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో స్టాల్ పెట్టారు. పుస్తకాలు కొనడానికి వచ్చినవాళ్లను ఆపి, కంప్యూటర్‌లో తెలుగు రాయడం చూపించేవాళ్లు. స్వేచ్ఛ సంస్థ వాళ్లు ఇదే నగరంలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి కాలేజీ పిల్లలకు చెబుతూ, తెలుగులో పని చేసే ఆపరేటింగ్ సిస్టమ్ మీద పని చేశారు. ముఖాముఖి సాయంలో ఒక సుఖం ఉంది. తన పేరు తెర మీద తెలుగులో చూసుకున్న మనిషి ముఖం నేర్పినవాళ్ల ఎదురుగానే వెలుగుతుంది. ఇక వేరే థ్యాంక్స్ అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో పోయింది సరిగ్గా అదే.

దాన్ని అంకెలతో పూడ్చే ప్రయత్నం 2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ చేసింది. జవాబు నచ్చి ఒకరు ఓటేస్తే 10 పాయింట్లు, అడిగినవాళ్లు ఇదే సరైనదని ఒప్పుకుంటే 15. ‘థ్యాంక్స్’ అని విడిగా రాయొద్దు, ఓటేస్తే చాలు అన్నారు. వెతికేవాళ్లకు అది మేలే, కబుర్ల మధ్య జవాబు వెతుక్కునే బాధ తప్పింది. కానీ అకౌంట్ లేని లక్షల మంది ఓటు కూడా వేయలేరు. చదివి, కాపీ చేసుకుని వెళ్లిపోతారు. ఇక పాయింట్లకు బదులు వస్తువు పెడితే ఏమవుతుందో 2020 అక్టోబరులో చూశాం. ఎవరైనా చూసి మార్పులు పంపగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులకు సాయం చేసినవాళ్లకు టీషర్ట్ ఇస్తామనే హాక్టోబర్‌ఫెస్ట్‌లో, టీషర్ట్ కోసం అర్థంలేని మార్పులు వేలంవెర్రిగా పంపారు. వాటిని ఏరి పారేయడానికి అసలైన వలంటీర్లు తమ రాత్రుళ్లు ఖర్చు పెట్టుకున్నారు. పంపినవాళ్లలో మన దేశపు విద్యార్థులు చాలామంది ఉన్నారని అప్పట్లో గట్టిగానే మాట పడ్డాం. నిర్వాహకులు ఆ నెలలోనే నియమాలు మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే దాన్ని పరిమితం చేశారు.

మెచ్చుకోలు లేకపోవడం ఒక బాధ అయితే, దబాయింపు ఇంకో బాధ. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడు, ప్రపంచంలో ఎన్నో సైట్లకు తాళంలా ఉన్న ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌కు ఏడాదికి వచ్చే విరాళాలు దాదాపు 2,000 డాలర్లేనని లోకానికి తెలిసింది. 2021 డిసెంబరులో, జావా ప్రోగ్రాములు తమ పనుల చిట్టా రాసుకోవడానికి వాడే లాగ్4జేలో లోపం బయటపడినప్పుడు దాన్ని సరిదిద్దింది కూడా తీరిక వేళల్లో పని చేసే వలంటీర్లే. వాళ్లకు ఆ వారం తిట్లు ఎక్కువ అందాయి, చేయూత తక్కువ.

అన్నిటికంటే నన్ను కదిలించింది 2024 మార్చి నాటి ఎక్స్‌జెడ్ సంగతి. ఫైళ్లను కుదించే ఈ చిన్న పరికరం లినక్స్ కంప్యూటర్లలో దాదాపు ప్రతిచోటా ఉంటుంది. ఏళ్ల తరబడి దాన్ని ఒక్క మనిషే చూసుకున్నాడు. 2022లో కొందరు ముక్కూ మొహం తెలియనివాళ్లు వరసగా ఉత్తరాలు రాశారు: ఇంత ఆలస్యమా, నీ వల్ల కాకపోతే ఇంకొకరికి అప్పగించు అని. ఆయన తన మానసిక ఆరోగ్యం బాగా లేదని, ఇది జీతం లేని పని అని అక్కడే చెప్పుకున్నాడు. అయినా ఒత్తిడి ఆగలేదు. ఓపిగ్గా సాయం చేస్తున్నట్టు కనిపించిన ఒక కొత్త వ్యక్తి చేతికి క్రమంగా అధికారం వెళ్లింది. ఆ చేతులే అందులో దొంగదారి పెట్టాయి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తీగ లాగితే డొంక కదిలింది. ఆ ఉత్తరాలు పథకం ప్రకారం రాసినవేనని చాలామంది అనుమానం. నాకు భయమేసింది వేరే విషయానికి. అవి మామూలుగా వలంటీర్లకు వచ్చే ఉత్తరాల్లాగే ఉన్నాయి కాబట్టి ఎవరికీ తేడాగా అనిపించలేదు.

2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ ప్రపంచమంతా వార్తయింది. ఒక రకంగా కూర్చిన ఆ అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్‌లలో యాప్‌లు కుప్పకూలేవి. యాపిల్ కొద్ది రోజుల్లోనే 11.2.6 అప్‌డేట్‌తో సరిచేసింది. అప్‌డేట్ రాకముందే, భారతీయ లిపులు తెలిసిన ఒక ఇంజినీరు సొంతంగా కూర్చుని, తెలుగులోనూ బెంగాలీలోనూ దేవనాగరిలోనూ ఏయే కూర్పులకు ఇలా అవుతోందో విప్పి చూపించాడు. హల్లు, దానికింద వత్తు, మధ్యలో కనపడని ఒక అక్షరం, ఆపైన అచ్చు గుర్తు. దాన్ని చదివాకే మన గుణింతం కంప్యూటర్‌కి ఎంత చిక్కో నాకు తెలిసింది. లోపం గురించి జోకులు వందల కొద్దీ తిరిగాయి. ఆ వివరణ ఎవరిదో మన పత్రికల్లో నేనైతే చూడలేదు.

ఇప్పుడు మరో మలుపు. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది. వారం తిరక్కుండానే, దాంతో రాయించిన జవాబులు పెట్టొద్దని స్టాక్ ఓవర్‌ఫ్లో ఆపేసింది. 2023 జూన్‌లో ఈ విషయం మీదే అక్కడి వలంటీర్ మోడరేటర్లు సమ్మె చేశారు. 2024 మేలో, చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్ఏఐతో సైట్ ఒప్పందం చేసుకున్నప్పుడు, కొందరు తమ పాత జవాబులను తామే చెరిపేసే ప్రయత్నం చేశారు. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. ఆ జవాబులు క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉన్నాయి. ఎవరైనా వాడుకోవచ్చు, కానీ రాసినవాళ్ల పేరు చెప్పాలి. పదేళ్లుగా జవాబులు రాసిన మనిషి కోరింది ఆ ఒక్క పేరే. ఇప్పుడు జవాబు వస్తోంది, పేరు రావడం లేదు. అడిగినవాళ్లు కృతజ్ఞత చెప్పాలనుకున్నా అది యంత్రానికే వెళ్తోంది.

థ్యాంక్స్ చెప్పడానికి రోజులు లేకపోలేదు. 2000 నుంచి జులై చివరి శుక్రవారం సిస్టమ్ అడ్మిన్ల దినం. ఫిబ్రవరి 14న ‘ఐ లవ్ ఫ్రీ సాఫ్ట్‌వేర్’ దినం. మన దగ్గర ఇవి పెద్దగా ఎవరికీ తెలియవు.

మా కాలనీ గ్రూపులో ఈ మధ్య ఒక రిటైర్డ్ మాస్టారు, ఫోన్ అప్‌డేట్ అయ్యాక తెలుగు కీబోర్డు పోయిందని రాశారు. నాలుగో బ్లాక్‌లో ఉండే అమ్మాయి, ఐటీలో పని చేస్తుంది, రాత్రి డ్యూటీ దిగి వచ్చి “మాస్టారూ, ఇలా చేయండి” అంటూ నాలుగు స్క్రీన్‌షాట్లు పంపింది. ఎక్కడ నొక్కాలో ఎర్రగా సున్నా చుట్టి, పక్కన ఒకటి, రెండు అని అంకెలు వేసింది. గ్రూపు ఎప్పట్లాగే గుడ్ మార్నింగ్‌లతో ముందుకెళ్లిపోయింది. నాలుగు రోజుల తర్వాత మాస్టారి దగ్గర్నుంచి పెద్ద మెసేజ్ వచ్చింది. ముందు తన ఫోన్ పేరు, మోడల్ రాశారు. తర్వాత: “అమ్మాయి పంపిన మూడో బొమ్మ దగ్గర నా ఫోన్‌లో తేడా ఉంది. ‘భాషలు’ అన్నది ‘అదనపు సెట్టింగులు’ కింద దొరికింది. అక్కడ నొక్కాక తెలుగు వచ్చింది. ఇదే ఫోన్ ఉన్నవాళ్లు ఇలా చేసుకోండి. ఇదంతా తెలుగు కీబోర్డుతోనే రాస్తున్నాను. పని చేసిందమ్మా.”